ఫోన్ గురించి నలుగురి మాట – ఏది నిజం? ఏది కాదు?

పొద్దున ఐదున్నర. ఇస్నాపూర్ చౌరస్తా. హోటల్ ముందు ఛాయ్ మరుగుతున్నది. రాత్రి డ్యూటీ దిగి వచ్చినవాళ్లు కొందరు. పొద్దటి డ్యూటీకి పాశమైలారం పోయేవాళ్లు కొందరు. మనవాళ్లతో పాటు ఒడిశా, బీహార్ నుంచి వచ్చిన కార్మికులు కూడా ఉన్నారు. అందరి చేతుల్లోనూ ఒక వస్తువు ఉంది. అదే ఫోన్.

1995 జూలై 31న మన దేశంలో మొదటిసారి మొబైల్ ఫోన్‌లో మాట్లాడారు. అప్పటి పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు కలకత్తా నుంచి, ఢిల్లీలో ఉన్న కేంద్రమంత్రి సుఖ్‌రాంతో మాట్లాడారు. ఆ రోజుల్లో మనం ఫోన్ చేసినా పైసలే, మనకు ఫోన్ వచ్చినా పైసలే. వచ్చిన ఫోన్‌కు పైసలు కట్టే పద్ధతి 2003లో పోయింది. అప్పుడు మొబైల్ షావుకార్ల చేతిలో ఉండేది. ఇప్పుడు కూలి చేసే అక్క కొంగు ముడిలో కూడా ఉంది.

ఫోన్ వచ్చింది. దానితో పాటు ఫోన్ గురించి మాటలూ వచ్చాయి. ఛాయ్ తాగుతూ ఒక్కొక్కరు ఒక్కొక్క మాట అంటున్నారు.

"ఫోన్ నిండిందంటది. కొత్తది కొనాలె."

"అప్‌డేట్ చేస్తే ఫోన్ ఖరాబైతది."

"ఫ్రీ యాప్ కదా, మనదేం పోతది?"

"చదువు రానోళ్లకు గంత పెద్ద ఫోన్ ఎందుకు?"

ఈ మాటల్లో కొన్ని నిజం. కొన్ని సగం నిజం. కొన్ని మాటలు నమ్మితే జీతం పోతుంది. అందుకే ఒక్కొక్క మాటను పట్టి చూద్దాం.

సాఫ్ట్‌వేర్ అంటే ఏమిటి?

ముందు ఒక సంగతి తెలుసుకోవాలి. పటాన్‌చెరు, రామచంద్రాపురం వైపు చిన్న చిన్న కర్మాగారాల్లో సి.ఎన్.సి. మిషన్లు ఉంటాయి. మిషన్ ఒకటే. పొద్దున ఒక ప్రోగ్రామ్ పెడితే ఒక రకం సామాను కోస్తుంది. మధ్యాహ్నం ఇంకో ప్రోగ్రామ్ పెడితే ఇంకో రకం సామాను కోస్తుంది. ఇనుము మారలేదు. మిషన్‌కు చెప్పిన పని మారింది.

ఫోన్ కూడా అంతే. చేతికి తగిలే అద్దం, బ్యాటరీ, కెమెరా – ఇవి మిషన్. ఏ పని ఎట్లా చేయాలో దానికి చెప్పి పెట్టినదే సాఫ్ట్‌వేర్. అది చేతికి తగలదు. ఒక్కొక్క పనికి ఒక్కొక్క సాఫ్ట్‌వేర్ ముక్క ఉంటుంది. దాన్నే యాప్ అంటున్నాం. పైసలు పంపే యాప్ ఒకటి. బొమ్మలు చూసే యాప్ ఒకటి. బస్సు టికెట్టు యాప్ ఒకటి.

మిషన్ మంచిదే అయినా ప్రోగ్రామ్ తప్పుంటే సామాను పాడవుతుంది. ఫోన్ కొత్తదే అయినా చెడ్డ యాప్ ఎక్కితే మన సొమ్ము పాడవుతుంది.

మొదటి మాట: "ఫోన్ నిండింది, కొత్తది కొనాలె"

ఈ మాట చాలావరకు నిజం కాదు.

ఫోన్ లోపల కొంత జాగా ఉంటుంది. ఇంట్లో బియ్యం డబ్బా లాంటిది. డబ్బా నిండితే కొత్త డబ్బా కొంటామా? ముందు అందులో ఏముందో చూస్తాం. ఫోన్‌లో జాగాను ఎక్కువగా తినేవి వీడియోలు, ఫోటోలు. పొద్దున లేస్తే పూలతో, దేవుళ్లతో "శుభోదయం" బొమ్మలు వస్తాయి. ఒక్కొక్కరు పది గ్రూపుల్లో ఉంటారు. ఒకే బొమ్మ పదిసార్లు వస్తుంది. మనం చూసినా చూడకపోయినా అవి ఫోన్‌లో చేరతాయి. మన దేశంలో ఈ శుభోదయం బొమ్మలతో ఫోన్లు నిండుతున్నాయని 2018 జనవరిలో అమెరికాలోని వాల్‌స్ట్రీట్ జర్నల్ పత్రిక కూడా రాసింది. అంటే ఇది మన ఒక్కరి బాధ కాదు.

ఏం చేయాలి? వాట్సాప్ సెట్టింగ్స్‌లో ఫోటోలు, వీడియోలు వాటంతట అవే దిగకుండా ఆపవచ్చు. వారానికి ఒకసారి అక్కరలేని వీడియోలు తీసేయాలి. ఆరు నెలలుగా ముట్టని యాప్‌లు తీసేయాలి. ఇంత చేస్తే చాలా ఫోన్లు మళ్లీ తేలికవుతాయి. పదివేలు పెట్టి కొత్త ఫోన్ కొనే ముందు పది నిమిషాలు పాత ఫోన్ సర్దుకోండి.

రెండో మాట: "అప్‌డేట్ చేస్తే ఫోన్ ఖరాబైతది"

ఇది సగం నిజం.

అప్‌డేట్ అంటే సాఫ్ట్‌వేర్‌లో తప్పులు సరిదిద్ది మళ్లీ పంపడం. సాఫ్ట్‌వేర్ రాసేది మనుషులే. మనుషులు రాసిన దాంట్లో తప్పులు ఉంటాయి.

దీనికి మన తెలుగు అక్షరమే ఒక సాక్ష్యం. 2018 ఫిబ్రవరిలో ఒక వింత జరిగింది. ఆపిల్ కంపెనీ ఐఫోన్లకు ఒక తెలుగు అక్షరం పంపితే ఫోన్‌లో యాప్‌లు ఆగిపోయాయి. ఆ అక్షరం "జ్ఞా". "జ్ఞానం" అనే మాటలో మొదటి అక్షరం. మామూలుగా రాసిన "జ్ఞా"తో ఈ ఇబ్బంది రాలేదు. దాని లోపల కంటికి కనపడని ఒక గుర్తు చేరినప్పుడు వచ్చింది. ఆ అక్షరాన్ని చూపించే పని ఫోన్ సాఫ్ట్‌వేర్‌కు చేతకాలేదు. తడబడి ఆగిపోయింది. వత్తులు, దీర్ఘాలు నేర్చుకునేటప్పుడు మనం తడబడ్డాం. అంత ఖరీదైన ఫోన్ కూడా తడబడింది! ఫిబ్రవరి 19న ఆ కంపెనీ అప్‌డేట్ పంపింది. దాంతో ఆ తప్పు పోయింది.

అప్‌డేట్ చేయకపోతే ఏమవుతుంది? 2017 మే నెలలో "వానా క్రై" అనే చెడ్డ సాఫ్ట్‌వేర్ ప్రపంచమంతా కంప్యూటర్లకు పాకింది. లోపలి కాగితాలన్నిటికీ తాళం వేసి, పైసలు ఇస్తేనే తీస్తాను అన్నది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలో కొన్ని కంప్యూటర్లు కూడా దానికి చిక్కాయి. దాన్ని ఆపే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ కంపెనీ అంతకు రెండు నెలల ముందే, మార్చిలోనే ఇచ్చింది. ఆ అప్‌డేట్ చేసుకున్న కంప్యూటర్లు ఆ గండం నుంచి బయటపడ్డాయి.

మరి సగం నిజం ఏమిటి? 2017 డిసెంబరులో ఆపిల్ కంపెనీ ఒక సంగతి ఒప్పుకుంది. బ్యాటరీ పాతబడిన ఐఫోన్లను అప్‌డేట్ ద్వారా కొంత నెమ్మది చేశామని చెప్పింది. బ్యాటరీ బలహీనమై ఫోన్ ఉన్నట్టుండి ఆగిపోకుండా అట్లా చేశామన్నది. కానీ ఆ సంగతి కొన్నవాళ్లకు ముందు చెప్పలేదు. జనం కోర్టుకు పోయారు. 2020లో ఆ కంపెనీ 50 కోట్ల డాలర్ల దాకా కట్టడానికి ఒప్పుకుంది.

కాబట్టి "అప్‌డేట్ చేస్తే ఫోన్ నెమ్మదైంది" అన్న అన్న మాట ఉత్త అనుమానం కాదు. పాత ఫోన్‌కు కొత్త సాఫ్ట్‌వేర్ బరువు కావచ్చు. అయినా పైసల యాప్‌లకు, ఫోన్ భద్రతకు వచ్చే అప్‌డేట్లు మాత్రం మానవద్దు. అప్‌డేట్‌ను ఫోన్ సెట్టింగ్స్‌లో నుంచి గానీ, ప్లే స్టోర్‌లో నుంచి గానీ చేసుకోవాలి. "మీ ఫోన్ అప్‌డేట్ చేయండి" అని ఎవరో పంపిన లింకు మీద వేలు పెట్టవద్దు.

మూడో మాట: "ఫ్రీ యాప్ కదా, మనదేం పోతది?"

ఈ మాట నిజం కాదు.

సంతలో ఎవడన్నా ఊరికే గంప వంకాయలు ఇస్తానంటే మనం ఏమంటాం? "వీడికి ఏం లాభం?" అని ఆలోచిస్తాం. యాప్ దగ్గర కూడా అట్లాగే ఆలోచించాలి. యాప్ వాడికి పైసలు ఎక్కడ నుంచో రావాలి. కొందరికి ప్రకటనల నుంచి వస్తాయి. కొందరికి మన వివరాలు అమ్మితే వస్తాయి.

అమెరికాలో ఒక టార్చిలైటు యాప్ ఉండేది. ఫ్రీ. కోట్లమంది పెట్టుకున్నారు. లైటు బాగానే వెలిగేది. కానీ ఫోన్ పట్టుకున్న మనిషి ఎక్కడ ఉన్నాడో ఆ జాడను అది ప్రకటనల కంపెనీలకు పంపేది. 2013 డిసెంబరులో అక్కడి ప్రభుత్వ సంస్థ ఆ యాప్ వాళ్లను తప్పు పట్టింది.

కొత్త యాప్ పెట్టగానే ఫోన్ మనల్ని అడుగుతుంది: "ఈ యాప్ మీ ఫోటోలు చూడవచ్చా? మీ ఫోన్ నంబర్ల పట్టిక చూడవచ్చా? మీ మాట వినవచ్చా?" కింద రెండు మాటలు ఉంటాయి. ఒకటి "అనుమతించు". ఇంకొకటి "అనుమతించవద్దు". చాలామంది చదవకుండా మొదటిదే నొక్కుతారు. ఇంటికి వచ్చిన ప్లంబరుకు పంపు చూపిస్తాం. బీరువా తెరిచి చూపించం కదా! టార్చిలైటుకు మన చుట్టాల నంబర్లు ఎందుకు? క్యాలెండరుకు మన మెసేజీలు ఎందుకు? పనికి సంబంధం లేనిది అడిగితే "అనుమతించవద్దు" నొక్కండి.

ఇంకొక ముఖ్య సంగతి. వాట్సాప్‌లో ఒక ఫైలు వస్తుంది. దాని పేరు చివర "ఏ.పి.కె." అనే అక్షరాలు ఉంటాయి. బ్యాంకు పేరు, బండి చలాను పేరు, పీఎం కిసాన్ పేరు పెట్టి పంపుతారు. అది కాగితం కాదు, ఫోటో కాదు. అది ఒక యాప్. నొక్కి పెట్టుకుంటే మన మెసేజీలు దొంగ చదవగలడు. బ్యాంకు నుంచి వచ్చే ఓటీపీ కూడా వాడికి పోతుంది. బ్యాంకు గానీ, సర్కారు గానీ వాట్సాప్‌లో ఇట్లాంటి ఫైలు పెట్టుకొమ్మని పంపవు. చుట్టం పంపినా నొక్కవద్దు. ఆ చుట్టం ఫోన్ అప్పటికే దొంగ చేతిలో ఉండవచ్చు.

నాలుగో మాట: "పైసలు రావాలన్నా పిన్ కొట్టాలె"

ఈ మాట పూర్తిగా అబద్ధం. అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే మాట ఇదే.

ఛాయ్ దగ్గర ఒక అక్క తన బాధ చెప్పింది. ఆమె ఒక కర్మాగారంలో ప్యాకింగ్ పని చేస్తుంది. పాత కూలర్ అమ్ముదామనుకుంది. కొడుకు ఫోన్‌లో ఫోటో పెట్టాడు. సాయంత్రానికి ఒకడు ఫోన్ చేశాడు. "నేను మిలిటరీ ఆఫీసర్‌ను. బేరం వద్దు. పైసలు ఇప్పుడే పంపుతా" అన్నాడు. ఒక గళ్ల బొమ్మ పంపాడు. దాన్నే క్యూఆర్ కోడ్ అంటారు. "దీన్ని స్కాన్ చేసి పిన్ కొట్టమ్మా. పైసలు నీ ఖాతాలో పడతయి" అన్నాడు. ఆమె పిన్ కొట్టింది. పైసలు పడలేదు. ఉన్న నెల జీతం పోయింది.

"నాకు గప్పుడు చదువు రాదు. తెర మీద ఏదో రాసి ఉండె. ఏముందో చదవలే" అన్నది ఆ అక్క.

తెర మీద ఏముంది? "చెల్లించు" అనే అర్థం వచ్చే మాట ఉంది. ఆ ఒక్క మాట చదివి ఉంటే జీతం మిగిలేది.

గుడిలో హుండీని తలచుకోండి. హుండీలో పైసలు వేయడానికి తాళంచెవి కావాలా? అక్కరలేదు. పైన సందు ఉంటుంది. ఎవరైనా వేయవచ్చు. పైసలు బయటికి తీయడానికే తాళంచెవి కావాలి. మన బ్యాంకు ఖాతా హుండీ. పిన్ దాని తాళంచెవి. ఎవరైనా మనకు పైసలు పంపాలంటే మన పిన్ అక్కరలేదు. పిన్ అడిగాడంటే వాడు తీయడానికి వచ్చాడు.

ఫోన్‌లో ఇట్లా పైసలు పంపే పద్ధతిని యూపీఐ అంటారు. 2016లో నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ అనే సంస్థ దీన్ని మొదలుపెట్టింది. ఇందులో "నాకు ఇంత పంపు" అని ఎదుటి మనిషి మన ఫోన్‌కు అడుగు పంపే ఏర్పాటు కూడా ఉండేది. దొంగలు దాన్ని బాగా వాడుకున్నారు. అందుకని మనిషికీ మనిషికీ మధ్య ఆ ఏర్పాటును 2025 అక్టోబరు 1 నుంచి ఆపేశారు. ఒక దారి మూసుకుంది. దొంగ ఇంకో దారి వెతుకుతాడు. కానీ చాలాసార్లు చివరకు వాడికి మన పిన్ గానీ, ఓటీపీ గానీ కావాలి. అవి ఇవ్వనంత కాలం తాళం మన దగ్గరే ఉంటుంది.

ఐదో మాట: "పైసలు పోతే పోయినట్టే"

నిజం కాదు. కానీ తొందర కావాలి.

దొంగ పైసలను ఒక ఖాతాలోనే ఉంచడు. మొదటి ఖాతా నుంచి రెండో ఖాతాకు, అక్కడ నుంచి మూడో ఖాతాకు పంపుతాడు. చివరకు ఏటీఎంలో తీసుకుంటాడు. ఈ దారిలో పైసలు ఎక్కడో ఒక చోట ఉండగానే పట్టుకోవాలి. వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేయాలి. ఇది దేశమంతటికీ ఒకటే నంబరు. ఫిర్యాదు అందగానే ఆ పైసలు చేరిన బ్యాంకుకు కబురు పోతుంది. పైసలు ఇంకా అక్కడే ఉంటే బ్యాంకు ఆపుతుంది. మొదటి గంటలో చేస్తే ఆశ ఎక్కువ. రేపు చూద్దాం అనుకుంటే ఆశ తక్కువ.

1930కి ఫోన్ చేసేటప్పుడు ఇవి దగ్గర పెట్టుకోండి: మీ బ్యాంకు పేరు, ఖాతా నంబరు, ఎంత పోయింది, ఏ తేదీ, ఎన్ని గంటలకు, ఆ లావాదేవీ నంబరు. లావాదేవీ నంబరు యాప్‌లోనూ, బ్యాంకు మెసేజీలోనూ ఉంటుంది.

బ్యాంకుకు కూడా అప్పుడే చెప్పాలి. 2017 జూలైలో రిజర్వు బ్యాంకు ఒక నిబంధన పెట్టింది. మన తప్పు లేదు, బ్యాంకు తప్పు లేదు, బయటివాడు మోసం చేశాడు. అప్పుడు బ్యాంకు నుంచి మెసేజీ వచ్చిన 3 పనిదినాల్లోపు ఫిర్యాదు చేస్తే నష్టం మన మీద పడదు. మనమే పిన్ చెప్పేస్తే, బ్యాంకుకు చెప్పేదాకా పోయినదంతా మన నెత్తినే పడుతుంది. చెప్పిన తరువాత పోయినది బ్యాంకు భరించాలి. అందుకే సిగ్గుపడి దాచుకోవద్దు. దాచిన ప్రతి గంటా మనకే నష్టం.

ఫోన్ పోయినా దారి ఉంది. ప్రతి ఫోన్‌కు 15 అంకెల నంబరు ఉంటుంది. దాన్ని ఐ.ఎం.ఇ.ఐ. అంటారు. ఫోన్‌లో *#06# కొడితే అది కనపడుతుంది. ఈ రోజే కొట్టి, ఆ నంబరు ఒక కాగితం మీద రాసి ఇంట్లో పెట్టండి. ఫోన్ పోతే ముందు సిమ్ ఆపించాలి. బ్యాంకుకు చెప్పాలి. పోలీసు స్టేషనులో ఫిర్యాదు ఇవ్వాలి. తరువాత "సంచార్ సాథి" అనే ప్రభుత్వ ఏర్పాటులో ఆ నంబరు నమోదు చేయించాలి. ఇది 2023 మే నుంచి దేశమంతటా ఉంది. నమోదు చేస్తే ఆ ఫోన్ వేరే సిమ్‌తో కూడా పనిచేయదు. ఎవరన్నా వాడబోతే జాడ తెలుస్తుంది.

ఆరో మాట: "లోన్ యాప్ అయిదు నిమిషాల్ల పైసలు ఇస్తది"

ఇస్తుంది. నిజమే. తీసుకునేటప్పుడు అసలు సంగతి తెలియదు. లెక్క చేద్దాం.

యాప్‌లో 5,000 రూపాయల అప్పు తీసుకున్నారు అనుకుందాం. ఖర్చులని చెప్పి 1,500 ముందే కోసుకుంటారు. చేతికి వచ్చేది 3,500. ఏడు రోజుల్లో 5,000 కట్టాలి. అంటే 3,500కు ఏడు రోజుల వడ్డీ 1,500 రూపాయలు.

ఊళ్లో నూటికి నెలకు 5 రూపాయల వడ్డీ అంటేనే "అమ్మో" అంటాం. ఆ వడ్డీ ప్రకారం 3,500కు నెలకు 175 రూపాయలు. ఏడు రోజులకు దాదాపు 41 రూపాయలు. షావుకారి 41 ఎక్కడ? యాప్ 1,500 ఎక్కడ?

వడ్డీతోనే అయిపోదు. అప్పు ఇచ్చేటప్పుడు యాప్ మన ఫోన్ నంబర్ల పట్టిక అడుగుతుంది. ఫోటోలు అడుగుతుంది. అవసరంలో ఉన్న మనిషి "అనుమతించు" నొక్కుతాడు. కట్టడం ఆలస్యమైతే చుట్టాలకు, సూపర్‌వైజరుకు, పక్కింటివాళ్లకు ఫోన్లు చేసి తిడతారు. ఫోటోలు మార్చి పంపుతారు. ఈ వేధింపులు భరించలేక తెలంగాణలో కొందరు ప్రాణాలు తీసుకున్నారు. 2020 డిసెంబరులో పోలీసులు ఇలాంటి యాప్‌ల మీద కేసులు పెట్టి, చాలామందిని అరెస్టు చేశారు.

2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు గట్టి నిబంధనలు తెచ్చింది. అప్పు ఇచ్చే యాప్ మన నంబర్ల పట్టిక, ఫోటోలు ముట్టకూడదు. మొత్తం వడ్డీ, ఖర్చులు ముందే ఒక కాగితంలో చూపించాలి. అప్పు ఏ బ్యాంకు ఇస్తున్నదో, ఏ ఫైనాన్సు కంపెనీ ఇస్తున్నదో పేరు చెప్పాలి. ఇవి చెప్పని యాప్ దొంగ యాప్ అని తెలుసుకోండి.

అవసరం పడితే మహిళా సంఘాన్ని అడగండి. బ్యాంకును అడగండి. ఇప్పటికే యాప్ వాళ్లు వేధిస్తుంటే ఒంటరిగా కుమిలిపోవద్దు. ఇంట్లో చెప్పండి. పోలీసులకు చెప్పండి. అప్పు చేయడం నేరం కాదు. వేధించడం నేరం.

ఏడో మాట: "గేటు కాడ ఫోన్ గుంజుకుంటరు. మన మీద నమ్మకం లేదు"

కొన్ని కర్మాగారాల్లో ఫోన్ లోపలికి రానివ్వరు. కొన్నిచోట్ల పని చెడుతుందని, ఫోటోలు తీస్తారని ఆపుతారు. కానీ బొల్లారం, పాశమైలారం వైపు మందుల, రసాయనాల కర్మాగారాల్లో ఇంకో కారణం ఉంది.

అక్కడ తొందరగా ఆవిరయ్యే, తొందరగా అంటుకునే రసాయనాలు వాడతారు. ఆ ఆవిరి గాలిలో కలిసి కంటికి కనపడదు. చిన్న నిప్పురవ్వ చాలు, అంటుకుంటుంది. మామూలు ఫోన్‌ను అట్లాంటి చోట వాడడానికి తయారు చేయలేదు. కింద పడి బ్యాటరీ దెబ్బతిన్నా, లోపల నిప్పురవ్వ లేచినా ప్రమాదం. అందుకే అట్లాంటి చోటికి ఫోన్ తీసుకుపోవద్దు. దొంగతనంగా కూడా వద్దు. మరి ఇంటి నుంచి అత్యవసరం వస్తే ఎట్లా? గేటు దగ్గర ఫోన్ నంబరు ఒకటి ఇంట్లో ఇచ్చి రండి. కబురు మనకు వెంటనే చేర్చమని యాజమాన్యాన్ని అడగండి. ఫోన్ బయట పెట్టడం మన బాధ్యత. కబురు చేర్చడం వాళ్ల బాధ్యత.

ఎనిమిదో మాట: "చదువు రానోళ్లకు పెద్ద ఫోన్ ఎందుకు?"

ఈ మాట అన్నవాడు ఒక కుర్రవాడు. పక్కనే ఉన్న ఒక పెద్దాయన ఊరుకోలేదు.

"బిడ్డా, నేను రాత్రి బడికి పోయి యాభై ఏండ్లకు అక్షరాలు నేర్చిన. మొదలు బస్సు బోర్డు చదివిన. తర్వాత జీతం చీటీ చదివిన. ఇప్పుడు ఫోన్ చదువుత. నా పీఎఫ్ ఎంతుందో నువ్వు చెప్పు. నాకు నాది ఎరికే" అన్నాడు.

కుర్రవాడి దగ్గర జవాబు లేదు.

పెద్దాయన చెప్పింది చాలా ముఖ్యమైన సంగతి. మన జీతంలో నుంచి పీఎఫ్ కోస్తారు. మూల వేతనం, కరువు భత్యం కలిపి దాని మీద సాధారణంగా నూటికి 12 రూపాయలు. యజమాని కూడా అంతే వేయాలి. నెల జీతం మీద కోసిన దాన్ని తరువాతి నెల 15వ తేదీలోపు కట్టాలి. కాంట్రాక్టు కార్మికులకు కూడా ఇది వర్తిస్తుంది. కానీ కోసుకున్నది కట్టారా లేదా? చీటీ మీద "పీఎఫ్" అని రాస్తే కట్టినట్టు కాదు. మనమే చూసుకోవాలి.

చూసుకోవడం కష్టం కాదు. ప్రతి పీఎఫ్ సభ్యునికి యు.ఎ.ఎన్. అనే 12 అంకెల నంబరు ఉంటుంది. దానికి మీ ఫోన్ నంబరు కలిపి ఉండాలి. అప్పుడు 9966044425 నంబరుకు మిస్డ్ కాల్ ఇస్తే చాలు. పైసలు పడవు. ఖాతాలో ఎంత ఉందో, చివరిసారి ఎంత కట్టారో మెసేజీ వస్తుంది. దీనికి పెద్ద ఫోన్ కూడా అక్కరలేదు. పెద్ద ఫోన్ ఉంటే "ఉమంగ్" అనే ప్రభుత్వ యాప్‌లో నెల నెలా చూసుకోవచ్చు. ఈ యాప్ 2017 నవంబరులో వచ్చింది. తెలుగులో కూడా ఉంది. లెక్క తేడా వస్తే పటాన్‌చెరులోనే పీఎఫ్ కార్యాలయం ఉంది.

పెద్ద ఫోన్ కొనలేనివాళ్లకు ఇంకో దారి కూడా ఉంది. బటన్ల ఫోన్‌తో, ఇంటర్నెట్ లేకుండా, పైసలు పంపే ఏర్పాటును 2022 మార్చిలో రిజర్వు బ్యాంకు మొదలుపెట్టింది. దాన్ని యూపీఐ 123 పే అంటారు. ఇక పెద్ద ఫోన్ ఉన్నవాళ్లు తెలుగులో మాట్లాడితే ఫోనే అక్షరాలు రాసి పెడుతుంది. గూగుల్ 2017 ఆగస్టులో ఈ ఏర్పాటును తెలుగుకు తెచ్చింది. కానీ ఫోన్ రాసింది సరిగా ఉందా లేదా చూసుకోవాలి. చూసుకోవాలంటే మళ్లీ అక్షరాలే కావాలి.

ఒక పని ఈ రోజే చేయండి. ఫోన్ సెట్టింగ్స్‌లో భాష ఉంటుంది. దాన్ని తెలుగుకు మార్చండి. చేతకాకపోతే ఇంట్లో పిల్లలను అడగండి. మొదట రెండు రోజులు కొత్తగా ఉంటుంది. తరువాత ఫోన్ తెరే మీకు వాచకం అవుతుంది.

మళ్లీ ఛాయ్ దగ్గరికి

ఆరు కావస్తున్నది. కంపెనీ బస్సు వచ్చింది. అందరూ లేచారు. జీతం పోగొట్టుకున్న అక్క తన ఫోన్ తీసి తెర మీద ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని చదువుతున్నది. "చె... ల్లిం... చు." పక్కన ఉన్న చెల్లెలు నవ్వింది. "ఏందక్కా, బడి పిల్ల లెక్క చదువుతున్నవ్?" అన్నది.

"నవ్వకు చెల్లె. గీ మూడు అక్షరాలకు నేను నెల జీతం ఫీజు కట్టిన" అన్నది అక్క.

గుర్తు పెట్టుకోండి

• పైసలు రావడానికి పిన్ అక్కరలేదు.
• పిన్, ఓటీపీ ఎవరికీ చెప్పవద్దు. బ్యాంకు వాళ్లమని అన్నా చెప్పవద్దు.
• వాట్సాప్‌లో వచ్చిన ఏ.పి.కె. ఫైలు నొక్కవద్దు.
• మోసపోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి.
• చదవకుండా ఏదీ నొక్కవద్దు.

ఈ మాటలు చదవండి, రాయండి

చెల్లించు – స్వీకరించు – అనుమతించు – అనుమతించవద్దు – ఖాతా – నిల్వ – లావాదేవీ – ఫిర్యాదు

ఆలోచించండి, నలుగురితో మాట్లాడండి

1. మీ ఫోన్‌లో ఎన్ని యాప్‌లు ఉన్నాయి? అందులో మీరు వాడేవి ఎన్ని?
2. మీ పీఎఫ్ ఖాతాలో పోయిన నెల పైసలు పడ్డాయా? ఎట్లా తెలుసుకుంటారు?
3. లోన్ యాప్‌లో 8,000 అప్పుకు 2,000 ముందే కోసుకున్నారు. ఏడు రోజుల్లో 8,000 కట్టాలి. చేతికి వచ్చింది ఎంత? దాని మీద ఏడు రోజుల వడ్డీ ఎంత?
4. మీ వాడలో ఫోన్ మోసానికి నష్టపోయినవాళ్లు ఉన్నారా? వాళ్లకు ఎవరు తోడు నిలిచారు?